కింది మెట్టు

లెక్క ఇలా మొదలవుతుంది:
ఆరు మీటర్ల నిచ్చెన, నున్నటి గోడ,
నేలతో అరవై డిగ్రీల కోణం.
అరవై రెండు కిలోల మనిషి ఎక్కుతున్నాడు.
ఎంత దూరం ఎక్కితే నిచ్చెన జారుతుంది?

మనిషికి పేరు లేదు.
చేతిలో డబ్బా లేదు, చెవి మీద బీడీ లేదు.
పైన ఏం పనో
పాపం, అతనికీ తెలిసుండదు.
గోడ నున్నగా ఉందట.
ఉప్పుగాలి కొరకని గోడ
విశాఖపట్నంలో ఎక్కడుందో చూపించమనండి.

కంచరపాలెం పాలిటెక్నిక్కు కిటికీ అవతల
బొగ్గు గూడ్సు పోతోంది.
చివరి పెట్టె దాటేదాకా ఆగి
సన్యాసిపాత్రుడు మాస్టారు అన్నారు:
"ముందు బాణాలు గీయండి.
బలాలన్నీ కలిపి సున్నా. అది చాలదు.
టార్కులూ సున్నా కావాలి.
జరగకపోవడం వేరు, తిరగకపోవడం వేరు."

ఏ బిందువు దగ్గర తీసుకోవాలి సార్?

"నీ ఇష్టం. ఎక్కడైనా జవాబు ఒకటే.
కానీ తెలియనివి ఎక్కడ గుమిగూడాయో చూసి
అక్కడ చుక్క పెట్టు.
అక్కణ్ణుంచి చూస్తే వాటికి నోరుండదు."

నేల తోపు తెలియదు, ఘర్షణ తెలియదు,
రెండూ నిచ్చెన కాలి దగ్గరే ఉన్నాయి.
అక్కడ చుక్క పెట్టాను.
పెట్టాక చెయ్యి కాసేపు కదల్లేదు.
ఆ చోటు నాకు తెలుసు.

హుదూద్ వెళ్ళిన మరుసటి ఏడు.
ఊళ్ళో ఏ గోడ చూసినా పెచ్చులే,
రంగులేసేవాళ్ళకి ఆదివారం కూడా పనే.
బడి లేని రోజు
సైకిలు ముందు నన్నూ, వెనక డబ్బాలనూ ఎక్కించుకుని
నాన్న లాసన్స్ బే కాలనీకి తొక్కేవాడు.
సముద్రం పక్కన మేడ. చెమర్చిన మొజాయిక్ నేల.
నిచ్చెన వాల్చి, అరికాలితో నేలని ఒకసారి రాసి చూసి,
"ఒలే గుంటా, ఈ కింది మెట్టు మీద కూకో.
నాను దిగినదాకా నెగకు."

ఏం చెయ్యాలి నాన్నా?

"ఏటీ సెయ్యొద్దు. బరువుగుండు, సాలు."

అల్లరి చెయ్యకుండా కూర్చోబెట్టాడనుకున్నాను.
సాయంత్రం చేతిలో పెట్టే ఐదు రూపాయలు
నోరు మూసుకున్నందుకు లంచమనుకున్నాను.
మోకాళ్ళ మీద రాలే నీలం చుక్కలు లెక్కపెట్టుకుంటూ
ఏడేళ్ళ పిల్ల, పద్దెనిమిది కిలోలు,
బడిలో ఎవరూ అడగని బరువు.

క్లాసులో అందరిలాగే చేశాను.
సైనా కాసా అని ఒకసారి తడబడి, కొట్టేసి,
ఘర్షణ గుణకం సున్నా పాయింటు నాలుగు వేసి,
నాలుగు పాయింటు నాలుగు రెండు మీటర్లు.
పుస్తకం వెనక కూడా అంతే. టిక్కు పడింది.

రాత్రి, నోట్సు ఆఖరి పేజీలో
అదే బొమ్మ మళ్ళీ గీశాను.
కాలి నుంచి ముప్ఫై సెంటీమీటర్ల దగ్గర
ఇంకో బాణం, పద్దెనిమిది కిలోలు, కిందికి.
చుక్కకి అంత దగ్గర ఉన్నది
తిప్పడానికి ఏమంత పనికిరాదు.
కానీ నేల ఆ బరువునీ మొయ్యాలి,
మోసే కొద్దీ నిచ్చెన కాలిని గట్టిగా పట్టుకోవాలి.
ఐదు పాయింటు ఐదు నాలుగు.
రెండోసారి చేశాను. అంతే వచ్చింది.

సన్‌షేడు కింద ఆ మేడకి పువ్వుల అంచు ఉండేది,
మెట్లు లెక్కేస్తే ఐదు మీటర్ల దగ్గర.

నాన్న చేపల పులుసులో ముల్లు ఏరుకుంటున్నాడు.
కాగితం కంచం పక్కన పెట్టి
మీటరూ పన్నెండు సెంటీమీటర్లు నావి అన్నాను.
చదవలేదు, నా మొహం చూశాడు.
"నాకు తెల్దేటి?
నువ్వు నీళ్ళకి నెగినపుడల్లా
నాను దిగిపోయీవోణ్ణి కాదా!"

ముల్లు కంచం అంచున పెట్టి,
మొదటి బొమ్మలో ఒంటరి గీతలా ఉన్న మనిషిని
ఎడమచేతి వేలితో చూపించి అడిగాడు:
"మరి ఈడికి
కింద ఎవులూ నేరేటి?"