సగం టికెట్టు

మల్లేపల్లి కాడ బస్సు మారి
దేవరకొండల దిగేసరికి పదకొండు దాటింది.
పెద్దమ్మ చేతిల ఆధార్ కార్డు,
ప్లాస్టిక్ కవర్ల చుట్టి, పైన రబ్బరు బ్యాండు.
"జేలుకు పోతున్నం గద, కాయితముండాలె."
ఇప్పుడది జేలు కాదు పెద్దమ్మా, మ్యూజియమన్న.
"ఏదైతేంది, గోడ గదే గద."

కిటికీల పిల్లగాడు చెప్పిండు:
పెద్దోళ్లకు ఇరవై, అరవై దాటితే సగం టికెట్టు.
కార్డు మీద పేరు చదివిండు, జయమ్మ.
నాకు నవ్వొచ్చింది.
ఊరంతా జేలమ్మ అనే పిలుస్తది.
రేషన్ కార్డు రాసిన సారుకు ఆ పేరు నచ్చలె,
నడిమిట్ల రెండక్షరాలు దిద్దిండు.
అప్పటిసంది సర్కారు లెక్కల
ఆమె జేలుల పుట్టలేదు.

లోపలంత కొత్త సున్నం వాసన.
కటకటాలకు నీలం రంగు.
మూడో గదిల సిమెంటు ఖైదీ కూసున్నడు,
కాళ్లకు వెండిపూత గొలుసులు,
బుగ్గలు మాత్రం నిండుగున్నయి.
పెద్దమ్మ వంగి వాని కడుపు చూసింది.
"వీనికి మంచిగనే పెట్టిన్రు."

నల్లరాతి మీద నలభై ఆరు పేర్లు.
ఇంటిపేర్లతో సహా చదువుకుంట పోయిన.
వాళ్లమ్మ పేరుందా అని పెద్దమ్మ అడగలె.
అడగకపోయేసరికి
నేనే రెండోసారి మొదటినుంచి చదివిన.
లేదు.
దళానికి రొట్టెలు మోసిన ఆడోళ్లు
ఎవరి పేరు ఎవరికి చెప్పిన్రు గనుక.

గైడు బట్టీపట్టినట్టు చెప్తుండు.
నైజాం కాలంల తాలూకా జేలట,
యాక్షన్ అయినంక మిల్ట్రీ క్యాంపట.
"అవ్ బిడ్డా, తాళంచెవి
ఒక నడుంకెల్లి ఇంకో నడుంకు పోయింది.
తాళం గదే, మాయమ్మ చెప్పేది."
గైడు నవ్విండు. అది ఆయన కాయితంల లేదు.

అప్పుడడిగింది పెద్దమ్మ:
"ఇంతకు నా మాయ యాడ పాతిన్రు?"

ఆయనకు సమజు కాలె. నాకూ ఒక నిమిషం పట్టింది.

"నన్ను కన్నంక పడ్డ మాయ.
జవాను పెండ్లాం ఖాసింబీ అట,
కొడవలి కాల్చి బొడ్డు కోసింది.
గోడ పొంటి తవ్వి పాతింది.
కుక్కలు తియ్యకుంట
పైన ఇసుర్రాయి పెట్టిందట."

ఇసుర్రాయి ఉన్నది.
ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద, తాడు కట్టి,
'ఖైదీలు పిండి విసిరిన రాయి, ముట్టరాదు.'
రిపేరప్పుడు బయట దొరికిందట.
బయటంటే యాడ?
అప్పుడు కంట్రాక్టరు వేరే అన్నడు గైడు.

వాకిలంత టైల్స్ పరిచిన్రు.
గోడ పొంటి సెల్ఫీకని ఒక చెక్క చట్రం,
దాంట్ల తలకాయలు పెట్టి
కాలేజీ పిల్లలు ఖైదీలయితున్నరు.
పెద్దమ్మ చెప్పులిడిచింది.
ఒక్కో టైలు మీద ఒక్కో అడుగు,
గోడ పొడుగూత పోయింది, మళ్లొచ్చింది.
మూలకు ఒక టైలు కదిలి టక్కుమన్నది.
ఆగుతదనుకున్న. ఆగలె.
"ఎండకు కాళ్లు కాలుతున్నయ్ రా" అని
నీడకు పోయి సద్ది ఇప్పింది.

జొన్నరొట్టె సగం తిన్నదో లేదో
విజిల్ ఊదిండు వాచ్‌మన్:
ఒంటిగంటయింది, బందు చేస్తున్నం,
బయటికి నడువున్రి.

పెద్దమ్మకు పొరపోయింది నవ్వి నవ్వి.
"ఆనాడు మాయమ్మ కాళ్లమీద పడ్డా
పదకొండు నెలలు ఇడువలేదట,
గిప్పుడు వీడు తరుముతున్నడు సూడు!"

బస్సుల కూసున్నంక
టికెట్టు ముక్కను నాలుగు మడతలు పెట్టి
ఆధార్ కవర్ల దోపింది,
జయమ్మ ఫోటో మీద.