పాత నంబరు

సలాలాలో ఖరీఫ్ తుంపర మొదలైతే
మా ఆఫీసులో ముందు తడిసేవి ఫైళ్లు.
కిటికీ సందులో అట్టముక్క దోపి
టేపు వేసి, టేపు మీద ఇంకో టేపు వేసి
ఏడున్నరకి షట్టరెత్తుతాం.
రిటైరైన సైనికుల ఆసుపత్రి, రికార్డుల విభాగం.
డాక్టర్లు పై అంతస్తులో ఉంటారు.
అక్కడిదాకా పోవాలంటే ముందు మా నలుగురి చేతులూ దాటాలి.

నేను ఇన్‌ఛార్జిని.
అంటే ఏందే అని మా అక్క ఫోన్లో అడిగింది.
ఎవరెప్పుడు అన్నానికి లేవాలో చెప్పడం,
ప్రింటర్లో ఇంకు లేదని పైకి రాయడం,
ఎవరు తప్పు చేసినా సంజాయిషీ కింద నా సంతకం పెట్టడం.
"అంతేనా?" అంది.
అంతే.

జోమోల్ టైపు చేస్తుంటే రేకు మీద వడగళ్లు పడ్డట్టుంటుంది.
రోవెనా తారీఖులు చూస్తుంది,
సెబూలో కూతురికి పరీక్షలని ఈ వారం నవ్వడం మానేసింది.
సుహైల్ ఈ ఊరివాడే, ఇరవై మూడేళ్లు,
కొండల భాష తెలిసినవాడు.
ముసలివాళ్లు మాట మధ్యలో అరబ్బీ వదిలేసి ఆ భాషలోకి జారిపోతే
మేం ముగ్గురం వాడి మొహం వైపు చూస్తాం.

మార్చిలో కొత్త మిషనొచ్చింది.
నొక్కితే చీటీ, గోడ మీద ఎర్రంకె, లోపల్నించి ఒక ఆడగొంతు.
మూడుసార్లు రాసి నేనే తెప్పించాను.
దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగాను.

మూడోరోజు
ముసల్లెమ్ బిన్ సయీద్ మూడు గంటలు కూర్చున్నాడు,
చేతిలో నలభై రెండు.
గొంతు నలభై రెండంది, నలభై మూడంది, ఎనభై దాటింది.
ఆయన కదల్లేదు.
ఎడమ చెవిని ఫిరంగి తీసుకుపోయింది,
కుడి చెవిని వయసు తీసుకుపోతోంది.
వచ్చిందే చెవి మిషను కోసం.
మా కంప్యూటరు ఆయన పేరుకెదురుగా
"రాలేదు" అని రాసుకుంది,
ఎదురుగా కూర్చున్న మనిషిని.

సుహైల్ ఆయన జేబులోని పసుపుపచ్చ కార్డు చూశాడు.
నాలుగడుగులు వెనక్కి వేసి
పట్టాలంలో నాటి నంబరు, ఒక్కో అంకె విడగొట్టి,
అరిచాడు.

ఊతకర్ర పడిపోయింది.
ఆయన దానికోసం వంగలేదు.
మడమలు కలిశాయి, గడ్డం లేచింది,
"హాజిర్" అన్నాడు గోడతో.
వెనక బెంచీల్లో ఇంకో పదిమంది వీపులు
వాటంతటవే నిటారయ్యాయి.

ప్రొద్దుటూరులో మా వీధి చివర మిలట్రీ ఓబులేసు ఉండేవాడు.
క్యాంటీను సీసాలకి తప్ప ఎవరూ ఆయన తలుపు తట్టలేదు.
ఆయనకీ ఒక నంబరుండే ఉంటుంది.
మేము అడగలేదు.

మర్నాడు రిజిస్టర్లో స్కేలు పెట్టి
ఒక గీత ఎక్కువ గీశాను: పాత నంబరు.
జోమోల్ పెన్ను బల్ల మీద పెట్టేసింది.
పంతొమ్మిది వందల ఫైళ్లు, ఓవర్‌టైము లేదు,
నీకేం, గీత గీసి పోతావ్, అంది.
నిజమే.
మొదటి రెండొందలూ నేనే రాశాను, తప్పులతో.
తప్పులు దిద్దడానికని జోమోల్ ఆగింది,
జోమోల్ కోసం రోవెనా సేమ్యాలాంటిదేదో వండి తెచ్చింది.
సుహైల్ మాత్రం రెండున్నరకే వెళ్లిపోయేవాడు.
వాడికి ఫుట్‌బాలు.

పైనుంచి కాగితమొచ్చింది:
అనుమతి లేని కాలమ్, వివరణ ఇవ్వగలరు.
ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు.
మిషను పలుకుతూనే ఉంది,
దాని మీదుగా సుహైల్ అరుస్తూనే ఉన్నాడు.

ఇవాళ తుంపరలో ముసల్లెమ్ మళ్లీ వచ్చాడు.
చెవి మిషను తీసి కౌంటరు మీద పెట్టాడు.
వాన ఇంత చప్పుడు చేస్తుందని
ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదట.
మేమూ గోల మనుషులమట.
వద్దు, తీసుకోండి, అన్నాడు.

ఇచ్చింది వెనక్కి తీసుకునే ఫారం
మా దగ్గర లేదు.
జోమోల్ కొత్తది టైపు చేస్తోంది.
ఆయన బెంచీ మీద కూర్చుని
ఆమె వేళ్లని చూస్తున్నాడు.