మూడో స్టేజీ

తెల్లారుజామున డిపోలో
బస్సు మొదటిసారి దగ్గినప్పుడు
నా కడుపూ దగ్గుతుంది.

తలాపున పెట్టుకున్న గుప్పెడు బొరుగులు
పక్క మీదే, చీకట్లోనే నమిలొచ్చాను.
పళ్ళు తోమింది ఆ తర్వాతే.
"ఖాళీగా ఉంటేనే కలబడుద్ది,
ముందు దానికేదన్నా పడెయ్యి"
అంటుంది మా అత్త మునెమ్మ,
వీధికుక్కకి రొట్టెముక్క విసిరినట్టు.

మెజెస్టిక్ నుంచి హొసకోటె.
ఖాకీ చొక్కా గుండీలు ఇంకా బిగియలేదు.
డాక్టరమ్మ మూడో నెలంది.
నా లెక్కలో మూడో స్టేజీ,
ఇక్కణ్ణుంచి ఛార్జీ మారుతుంది.

టికెట్టు లేకుండా ఎక్కినవాళ్ళని
దించెయ్యడం నా ఉద్యోగం.
ఇదేమో
ప్రతి సిగ్నల్లో నన్నే దించబోతోంది.

డీజిల్ కాదు నన్ను పడగొట్టేది.
డీజిల్ ఎనిమిదేళ్ళుగా నా అత్తరు.
చిల్లర.
రూపాయి బిళ్ళల చెమట,
అయిదు బిళ్ళల ఇత్తడి కంపు.
సంచీ నోరు తెరిస్తే
నా నోట్లో ఉప్పునీళ్ళు.
శివాజీనగర్ దాటేలోపు
స్కాన్ చేసెయ్యండి సార్, స్కాన్ చేసెయ్యండి అని
బతిమాలుకోవడం నేర్చుకున్నాను.

అలసూరులో ఎక్కే పూల అక్కాయమ్మ
బస్సు బోర్డు చదవడం రాని మనిషి,
సున్నా టికెట్టు తీసుకుంటూ
నా మొహం చదివేసింది.
ఎన్నో నెలని అడగలేదు.
మల్లెల బుట్టని నాకు దూరంగా
సీటు కిందికి నెట్టింది.
అంతే.
మర్నాడు ఒక నిమ్మకాయ.
"తినొద్దు. గోటితో గీరి వాసన చూడు.
ఆ డబ్బుల్లోనే వేసుకో."

అప్పట్నుంచీ నా సంచీలో
ఎవరికీ తిరిగివ్వక్కర్లేని
ఒక పచ్చబిళ్ళ.

ఇంక ఆగుతుందా?
కాలేజీ పిల్ల ఉప్పుసిరి ముక్కలు పొట్లం కట్టిచ్చింది.
టిన్ ఫ్యాక్టరీ దగ్గర దిగే బ్యాంకాయన
ఇంట్లో అడిగొచ్చి,
చెవులు ఎర్రబడుతుండగా
చిన్న డబ్బాలో అల్లం, బెల్లం.
అల్లం మొదటి రోజు దేవుడు.
రెండో రోజు ఆశపడి డబ్బా సగం తినేస్తే
రొమ్ముల మధ్య పొయ్యి ముట్టించాడు.

"చిటికెడంటే చిటికెడే" అంది డాక్టరమ్మ.
"రెండు గంటలకోసారి ఇంత తిను.
గుక్కెడు గుక్కెడు తాగుతూనే ఉండు.
నీళ్ళు కూడా నిలవకపోయినా,
ఒంటికి పోవడం తగ్గినా
చిట్కాలన్నీ పక్కనపెట్టి పరిగెత్తుకురా."

అమ్మా, మేం కండక్టర్లం.
అది మాకెప్పుడూ తక్కువే.

ఆవిడ నవ్వలేదు.

మెజెస్టిక్‌లో ఒకటి, హొసకోటెలో ఒకటి.
మధ్యలో పాత మద్రాసు రోడ్డంతా
బిగబట్టుకోవడమే.
తాగమని అందరూ చెప్పారు,
బొరుగులు, నిమ్మ, ఉసిరి, అల్లం, అన్నీ చెప్పారు.
తాగింది ఎక్కడ పొయ్యాలో
ఏ అమ్మమ్మ చిట్కాలోనూ లేదు.
అందుకే సీసా నిండుగా తెచ్చి
నిండుగా ఇంటికి తీసుకెళ్ళేదాన్ని.

డ్రైవరు హనుమంతరాయప్ప
నాతో మాట్లాడేది విజిల్‌తోనే.
ఒకటి కొడితే ఆపుతాడు, రెండు కొడితే కదులుతాడు.
ఎనిమిదేళ్ళలో మా ఇద్దరి సంభాషణ అది.

కె.ఆర్.పురం దాటాక, భట్టరహళ్ళి దగ్గర,
నేను విజిల్ కొట్టలేదు.
స్టాపు కాదు, సిగ్నలూ కాదు,
పెట్రోలు బంకు పక్కన బస్సు ఆగింది.
"టైర్‌లో గాలి చూడాలి" అని కన్నడంలో గొణిగి దిగాడు.
నా వైపు చూడలేదు.
బంకు వెనక, నీలం తలుపు మీద
ఆడబొమ్మ.
జనం విసుక్కున్నారు, ఒకాయన వాచీ చూపించాడు.
అక్కాయమ్మ బుట్ట సర్దుకుంటూ
"గాలి లేకపోతే బండి ఎట్లా పోతుందయ్యా" అంది.

నేనొచ్చేసరికి
వెనక టైరుని బూటుకాలితో తంతున్నాడు,
మెల్లగా, నేనొచ్చేదాకా తన్నాలన్నట్టు.

సీసా మూత తీశాను.
సగం తాగాను.
రెండు విజిళ్ళు.

టైర్లలో గాలి సరిగ్గానే ఉంది.
మూడు వారాలైంది,
రోజూ చూస్తున్నాడు.