ఎవరో

మిర్చియార్డు నుంచి నేరుగా వస్తాడు లాజరు.
కూర్చోగానే గదంతా ఘాటు.
ముందు నా తుమ్ములు,
తర్వాతే అతని మాటలు.

మొన్న సలోమి ఫోన్ చేసింది.
"అయ్యా, మా ఆయన మీ దగ్గరికొస్తున్నాడా?
మళ్ళీ మొదలెట్టాడా?
ఒక్క ముక్క చెప్పండి, చాలు."
ఆ ఒక్క ముక్కే నాది కాదు.
ఎవరొస్తారో, ఎవరు రారో చెప్పకూడదమ్మా అన్నాను.
"మీ ఇంట్లో తాగుబోతుంటే తెలిసేది" అని పెట్టేసింది.
ఉండేవాడు.
అదీ చెప్పలేదు.

ఒకసారి సంచీడు ఎండుమిరపకాయలు తెచ్చాడు,
తొడిమలు తీసి మరీ.
ఇవి తీసుకుంటే, రేపు నువ్వు అబద్ధమాడితే
నాకు వినపడదు లాజరూ,
అనాల్సింది.
రూల్సు ఒప్పుకోవన్నాను.
సంచి మూతి మళ్ళీ కట్టడానికి
చాలాసేపు పట్టిందతనికి.

నిన్న అరండల్‌పేటలో టీ బండి దగ్గర
అతను, పక్కన సలోమి.
ముందు అతనే పలకరించాలి గనక
చూపు తిప్పుకున్నాను.
పలకరించలేదు.
గ్లాసు మాత్రం కాస్త పైకెత్తాడు,
లోపలున్నది టీ అని కనబడేలా.

"ఎవరతను?" అడిగింది మా ఆవిడ.
"ఎవరో" అన్నాను.
అప్పటికే ముక్కులో
తుమ్ము కదులుతోంది.