మోకాళ్ళ దాకా తెలుపు

తొమ్మిది దాటి నాలుగు నిమిషాలు.
మన్ననూరు గేటు పడ్డది.
తెల్లారితే ఈగలపెంటల లగ్గం.
ఫొటోలకు అడ్వాన్సు తీసుకున్నోన్ని నేను,
డిండి దాటినంక పంక్చరైన బండిని తిట్టుకుంట
చెక్‌పోస్టు అరుగు మీద
కెమెరా బ్యాగు తలకింద వెట్టుకొని పన్న.

"ఆరిటి దాంక ఇడువరు.
పండి ఏం జేస్తవ్, నడువు" అని
తెల్లారుజామున లేపిండు వాచరు, చిగుర్ల ఈదన్న.
"నీ డబ్బకు ఒకటి సూపిస్త."

టార్చి లేకుంటనే నడిశిండు.
ఆయన మడిమెల సప్పుడు వట్టుకొని నేను.
ఏగిసలు దాటినం, ఎండిన వాగు దాటినం,
బోదగడ్డి తన మంచంత నా ప్యాంటుకు తుడుసుకున్నది.
ఒకకాడ ఆగి
గాలిని నాలికె మీద వెట్టుకొని సూశినట్టు సూశి
"పెండ వాసన. ఊరిది గాదు" అన్నడు.
నాకు నా చెమట తప్ప ఏం దెల్వలె.

మట్టిల గిట్ట గుర్తు.
రెండు చీలికల నడుమ నీళ్ళింకా ఊరుతున్నయి.
అండ్ల అరచెయ్యి వెట్టిన, వట్టింది.
"మా తాత సూశిండంట. మా నాయిన సూడలె.
నేను సూస్త అనుకోలె, మొన్నటి దాంక"
అని చెప్పులిడిశి సంకల వెట్టుకున్నడు.

సాసరు గుంట కాడ
చీకటి ఒక్క జాగల ఎక్కువున్నది.
అది మెల్లగ తలెత్తింది.

ఏం జెప్పాలె!
ఇరువై ఏండ్ల సంది మనుషులను నిలవెడుతున్న.
గడ్డం జర పైకి,
అమ్మా ఇటు సూడు,
పెండ్లికొడుకా భుజం దించు.
గా భుజానికి ఏమని చెప్త?
మెడ ఎన్క గుట్టలెక్క లేశి
ఈపు నడుమల, ఇగ చాలు అన్నట్టు ఆగింది.
తడిశిన బండ రంగు ఒళ్ళు.
కింద మాత్రం నాలుగు కాళ్ళకు
మోకాళ్ళ దాకా తెలుపు,
జెండా పండుగనాడు సర్కారు బడికి వొయ్యే
పిలగాని సాక్సుల తీరు.
నవ్వొచ్చింది. భయంల వచ్చే నవ్వు.

కండ్లు నా దిక్కే.
కోపం లేదు, చుట్టరికం లేదు.
వేలు బటన్ మీదికి వొయ్యింది
అప్పుడు యాదికొచ్చింది
మొన్నటి మండపం ఫ్లాషు అట్లనే ఉన్నదని.
నొక్కితే పిడుగు.
ఆపేటందుకు గుక్కెడు నీళ్ళు మింగేంత సేపు.
అండ్లనే అది ఒక్క ఊపిరి బుస్సుమన్నది,
గడ్డి రెండుగ చీలి
మళ్ళ కలిశింది.
కలిశినంక నొక్కిన.

స్క్రీను మీద నలుపు.
నలుపు కింద తెల్లటి గీత ఒకటి,
కాలో, గడ్డిపరకో, నా చెయ్యి వణుకో.

ఈదన్న చానాసేపు సూశిండు.
"వచ్చింది" అన్నడు.
"ఏడొచ్చిందే అన్నా?"
"పోవుడు వచ్చింది గదా."

మళ్ళొచ్చేటప్పుడు, వాగుల, సిగ్గువడుకుంట అడిగిండు:
"నాదొకటి తీస్తవా, పాస్‌పోర్టు సైజుది?
పెంట ఖాళీ జెయ్యాల్నని కాయితాలు రాస్తున్రు.
ఈడనే పుట్టినమని రుజువుకు
నాలుగు ఫొటోలు కావాల్నంట."
నా తువ్వాల మద్దిచెట్టుకు కట్టిన.
తడిచేత్తోని ఎంటికెలు దువ్వుకొని నిలవడ్డడు.
గడ్డం జర పైకి అనవోయిన, అనలె.
సరిగ్గ నొక్కే యాల్లకు
"దాన్ని గిట్ల అడుగుతరా, నాలుగు ఫొటోలు?" అని నవ్విండు.
నవ్విన ఫొటో ఆఫీసుల చెల్లదు.
ఇంకోటి తీసిన.
రెండూ మంచిగనే వచ్చినయి.

ఆరైంది. గేటు లేశింది.

ఈగలపెంటల మైకు, మంగళవాద్యం, ఉప్మా.
నేను వంగి పారాణి తీసిన,
మెట్టెలు తీసిన,
పంచె ఎత్తి పట్టుకొని పందిట్లకు ఉరికే
ముసలి మామ పిక్కలు తీసిన.
ఎందుకో ఆ దినమంత
చెయ్యి కిందికే వోయింది.

వారం తర్వాత ఆల్బం తిప్పుకుంట
పిల్ల తండ్రి అన్నడు:
"మొకాలేవి తమ్మీ?
అన్నీ మోకాళ్ళే ఉన్నయి."