ఇరవై

పన్నెండు కంటే ఇరవై చిన్నదంటే
మా గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఎవడూ నమ్మడు.
అక్కడ లెక్కంతా పైకే పోతుంది,
బస్తా, లారీ, బాకీ.
తుపాకీ లెక్క తిరగబడి ఉంటుంది.
పౌను సీసాన్ని పన్నెండు గుండ్లుగా పోస్తే
ఆ గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు,
ఇరవైగా పోస్తే ఇరవై.
"ఎక్కువమందికి పంచితే ముక్క చిన్నదవదా తల్లే"
అన్నాడు గౌస్ మొహిద్దీన్ సాయిబు.
నాన్న పొలం పంచుకున్న రోజు గుర్తొచ్చి నవ్వాను.

నా వాటాకి తుపాకీ వచ్చింది.
తమ్ముళ్ళు వద్దన్నారు. లైసెన్సు తిప్పలు,
ఎలక్షన్ వచ్చినప్పుడల్లా మోసుకెళ్ళి
స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం.
జంట గొట్టాల పన్నెండు.
కొయ్య మీద నాన్న చెంప ఆనిన చోట మరక,
నూనెదో చెమటదో.
దాంతో ఆయన రాపూరు చిట్టడవిలో
కౌజుల్ని, పూరేళ్ళని, చెవులపిల్లుల్ని కొట్టిన కాలం
నేను ఉయ్యాల్లో ఉన్న కాలం,
చట్టం ఇంకా రాని కాలం.

ఇప్పుడు మేం కొట్టేది మట్టిపిట్టల్ని.
పేరుకే మట్టి, తారూ సున్నపురాయీ కలిపిన సాసరంత బిళ్ళ.
వెంకటాచలం అవతల, మూతబడిన పెంకుల ఫ్యాక్టరీ వెనక
ఆదివారం పొద్దున్నే ఎనిమిదిమందిమి.
మిషన్ చిటుక్కుమంటుంది. బిళ్ళ లేస్తుంది.
నేను పేలుస్తాను.
పగిలేది నా భుజం.
బిళ్ళ చెక్కుచెదరకుండా వెళ్ళి జిల్లేళ్ళలో కూర్చుంటుంది.

"ఆడకూతురివి, ఇరవై తీసుకోరాదా"
అన్నాడు పళ్ళ డాక్టరు శేషారెడ్డి.
ఆ ఒక్క మాటకి ఇంకో ఆర్నెల్లు పన్నెండే మోశాను.
మొండితనానికి బోరు ఉండదు.
రవిక కింద నేరేడుపండు రంగు కమిలిన మచ్చ,
సోమవారం కాటా దగ్గర చెయ్యి లేవక
పద్దు ఎడంచేత్తో రాశాను,
గుమాస్తా చెంచురామయ్య చూడనట్టు చూశాడు.

చివరికి నెల్లూరు, ట్రంకురోడ్డు సందు, సాయిబు కొట్టు.
ఇరవై చేతికిచ్చాడు.
పాలు తాగే దూడని ఎత్తుకున్నట్టుంది.
"తేలిక అని మోసపోబాక.
దీనికి గింజలు తక్కువ, నీ తప్పు కప్పిపెట్టదు.
నీ చూపు యాడుంటే ఆడికే పోద్ది,
లేకుంటే యాడికీ పోదు."
ఇరవై ఎనిమిది కూడా ఉందిగా, అడిగాను.
"అది నాబోటి ముసలాళ్ళ షోకు.
నెలకొక డబ్బా తూటాలు దొరికితే గొప్ప,
పేల్చకుండా ఏం నేర్చుకుంటావ్?"
తోటలో పందులొస్తే?
"పందికి టపాకాయ పేల్చు తల్లే."

తర్వాత ఒక తూటా బల్ల మీద నిలబెట్టాడు.
పసుప్పచ్చ.
"కావాలనే ఈ రంగు.
పొరపాటున పన్నెండులో వేశావా,
లోపలికి జారి సగంలో ఇరుక్కుంటాది.
పేలలేదే అనుకుంటావ్, ఖాళీ అనుకుంటావ్,
దాని వెనకాలే ఇంకోటి..."
ఆగాడు.
ఎడంచెయ్యి బల్ల కిందికి తీసుకున్నాడు.
ఆ చేతికి మూడే వేళ్ళు.
గంట నుంచీ ఎదురుగా కూర్చుని నేను లెక్కపెట్టలేదు.

"ఒకే ఇంట్లో రెండూ పెట్టబాక."

ఫ్యాన్ తిరుగుతోంది. సందులో ఎవరో స్కూటర్ తంతున్నారు.
నాన్న పన్నెండుని గుడ్డ విప్పి ఇచ్చేశాను.
మరక ఉన్నవైపు పైకి వచ్చేట్టు పెట్టాను, ఎందుకో.
సాయిబు రసీదు రాశాడు.
ఎలక్షన్ లేకుండా ఆ తుపాకీకి రసీదు తీసుకోవడం
ఇదే మొదటిసారి.

కొత్తదానికి కాగితాలు కదలాలి, రెండు నెలలు అన్నారు.
మూడో నెల నడుస్తోంది.
సాయంత్రాలు తోటలో నిమ్మకాయలు కోసే దోటి తీసుకుని
చెంప ఆనించి, భుజానికెత్తి, దించి, ఎత్తి.
కూలోళ్ళు ముందు నవ్వారు, ఇప్పుడు మానేశారు.

నిన్న మాపటేళ గట్టు కింద నుంచి
మూడు కౌజులు బర్రుమని లేచాయి.
దోటి దానంతటదే లేచింది.
మధ్యదాని ముందుకు, కాస్త ముందుకు,
ఆకాశం వెంట తిప్పుకుంటూ పోయాను,
అది తుమ్మల్లోకి దిగిందాకా ఆపలేదు.

భుజం ఏమీ అనలేదు.
దోటి కొసన కొక్కానికి ఒక ఆకు వేలాడుతోంది.