రెండు చొక్కాలు

జనవరి ముప్పై. పొందూరు జూనియర్ కాలేజీ.
కిటికీకి అద్దం పోయిన చోట అట్టముక్క కొట్టించాను,
అయినా చలి దాని పక్కనుంచే లోపలికొస్తోంది.
పదకొండు కొట్టేలోగా
ఇంగ్లండు రాజు తల తీయించాలి నేను,
లేకపోతే సిలబస్ అవదు.

దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనన్నాడు, రాసుకోండి.
పదకొండేళ్లు సభ పిలవలేదు.
సముద్రం చూడని ఊళ్ల మీద ఓడల పన్ను వేశాడు.
చర్చిలో అందరూ చుట్టూ చేరే బల్లని
గోడవారకి జరిపించి
కటకటాలు కట్టించాడు ఆయన పెద్ద బిషప్పు.
కొత్త ప్రార్థనల పుస్తకం పంపితే
స్కాట్లండులో పీటలు గాల్లోకి లేచాయి.

కటకటాలు అన్నప్పుడు
మూడో బెంచీలో దమయంతి తలెత్తింది.

మొన్న అమ్మోరి గుడిలో స్టీలు గొట్టాలు బిగించారు,
వంద రూపాయల టిక్కెట్టు లోపల, మిగతా ఊరు బయట.
ఏడాదిన్నరగా గ్రామసభ లేదు, పెట్టమని
వాళ్ల నానమ్మ అసిరమ్మ
కాయితం పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది.
నలభై వేలిముద్రలు,
మధ్యలో ఒక సంతకం పట్టేంత ఖాళీ.
గుడి ఛైర్మనే మా కాలేజీ కమిటీకీ ఛైర్మను.
కళ్లజోడు కనిపించడం లేదన్నాను.
నెత్తి మీదే ఉంది.

గొంతు సవరించుకుని
సభలోకి సైనికుల్ని తెచ్చాను.
రాజు అయిదుగురిని పట్టుకోవడానికి వచ్చాడు. ఒక్కరూ లేరు.
ఎక్కడున్నారని సభాపతిని అడిగాడు.
ఆయన మోకాళ్ల మీద కూచుని,
ఈ సభ చూపిస్తే తప్ప నాకు కళ్లు లేవు,
పలికిస్తే తప్ప నాలిక లేదు, అన్నాడు.
డస్టరు కింద పెట్టి
కళ్లజోడు తుడుచుకున్నాను, ఊరికే.

తరవాత ఏడేళ్ల యుద్ధం, రెండు లైన్లలో.
ఇదే తారీఖు, ఇంతకన్నా చలి.
వణికితే భయమనుకుంటారని
రెండు చొక్కాలు వేసుకుని నడిచాడు గొడ్డలి దగ్గరికి.

అప్పుడు లేచింది దమయంతి.
"ఆ సొక్కాల గుడ్డ ఎవులు నేసినారు మేస్టారూ?"
పుస్తకంలో లేదమ్మా.
"వడికినోలికి కూలి ముట్టినాదా?"
క్లాసు నవ్వింది. తను నవ్వలేదు.
వాలుగ చేప పళ్లతో దూది దువ్వే ఇల్లు అది,
పోగు తెగితే చెవితోనే తెలిసే ఇల్లు.

రాజుని చంపినవాళ్ల సభకి కూడా
నాలుగేళ్లకి వాళ్ల సేనాపతే తాళం వేశాడని
చెప్పబోయాను.

సైరన్ మోగింది.
అందరం నిలబడ్డాం, రెండు నిమిషాల మౌనం.
ఖాదీ వీధిలో రాట్నాలు కూడా ఆగాయి.
అట్టముక్క ఒక్కటే టపటపా కొట్టుకుంటోంది.
నా ఒంటి మీద ఒకటే చొక్కా,
ఈ ఊరిదే, నూరో నంబరు నూలు, ఊదితే ఎగిరేది.
వణికాను.
చలికే.

దమయంతి కళ్లు మూసుకోలేదు.